పెరడు చిన్నదే.. సేద తీరేందుకు చాలు

ఇంటి వెనుక పది, పన్నెండు అడుగుల జాగా మిగిలితే సిమెంటు చేయించడం పట్టణాల్లో పరిపాటిగా మారింది. దీంతో వాన నీరు నేలలోకి ఇంకడం లేదు. వేసవిలో గచ్చు వేడి ఇంటిని తాకుతోంది. అదే జాగాను తక్కువ ఖర్చుతో చల్లని తోటగా మలచుకోవచ్చు.

ముందు మట్టి: ఖర్చులో తొలి వాటా మొక్కలకు కాక మట్టికి దక్కాలి. కంకర, సిమెంటు పెళ్లలు ఏరివేసి అడుగు లోతు తవ్వాలి. రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. నడిచేందుకు పాత బండలను సందులు వదిలి పరిస్తే నీరు ఇంకుతుంది.

కొనకుండానే మొక్కలు: మందార, మల్లె, మునగ కొమ్మ నాటితేనే చిగురిస్తాయి. తొలకరిలో ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకుంటే సరి. మునగకు మీటరు పొడవు కొమ్మ అవసరం. గాలికి విరిగే చెట్టు కనుక విద్యుత్ తీగలకు దూరంగా నాటాలి. కొనదలిస్తే కడియం వంటి చోట్ల నర్సరీల్లో చిన్న సంచుల్లోని మొక్కలే చౌక. పిల్లలున్న ఇళ్లలో గన్నేరు వద్దు. అందులో ఆకు నుంచి గింజ వరకు అన్నీ విషమే.

నీడ, నీరు: పడమటి వైపు పందిరి వేసి చిక్కుడు పాకిస్తే మధ్యాహ్నపు ఎండ ఆగుతుంది. దాని నీడన నవారు మంచం వాల్చుకోవచ్చు. బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని పాదులకు మళ్లించాలి. ఎండుటాకులు కప్పితే తడి నిలుస్తుంది. కుండీల కింది పళ్లేలలో నీటిని వారం గడవకముందే పారబోయాలి. లేకుంటే డెంగీ దోమలకు అదే నిలయమవుతుంది.