మన బడికి మంచి సారు ఎట్లా వస్తారు?



దండారి పండుగకు ఇంటికి పోతే మా తమ్ముడు బడికి పోనని ఏడ్చాడు. వాడు ఒకటో తరగతి. క్లాసులో దాహమై "యేర్" అన్నాడంట. మన గోండిలో యేర్ అంటే నీళ్లు. సారుకు తెలుగే వచ్చు. ఏటికి పోతానంటున్నాడని అనుకొని "వద్దు, కూర్చో" అన్నారంట. సారు చెడ్డవారు కాదు. ఆయనకు మన మాట రాదు, అంతే. మా అవ్వ, బాపు చదువుకోలేదు కనుక బడికి పోయి ఈ సంగతి చెప్పలేకపోయారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మంచి సారు కావాలంటే మూడు పనులు జరగాలె.

1. సారు రావాలె: మన ఊర్లకు దూరం నుండి రావడానికి చాలామంది ఇష్టపడరు. అందుకని ప్రభుత్వం 2000 జనవరి 10న జీవో నంబర్ 3 ఇచ్చింది. దాని ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే. అయితే 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నూటికి నూరు ఒక్కరికే ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధం అన్నది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం తీసివేయలేదు.

2. సారు నేర్చుకొని రావాలె: గిరిజనుడైతే సరిపోదు. గోండి వచ్చిన సారుకు కొలామి రాదు, లంబాడి వచ్చిన మేడంకు గోండి రాదు. ఏ ఊరికి పోతే ఆ ఊరి మాట నేర్పి పంపాలె. ఇది కొత్త మాట కాదు. జోడేఘాట్ పోరాటం తర్వాత నిజాం సర్కారు హైమన్ డార్ఫ్ దొరను మన దగ్గరకు పంపింది. ఆయన 1940ల్లో మార్లవాయిలో గోండు యువకులకే టీచరు శిక్షణ ఇప్పించారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కొలామి, కోయ, సవర వంటి 8 భాషల్లో చిన్న పిల్లలకు చదువు మొదలుపెట్టారు. రాజ్యాంగం 350-ఎ కూడా చిన్న తరగతుల్లో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని అంటుంది.

3. వచ్చిన సారు నిలవాలె: ఉండడానికి గది, తాగడానికి నీళ్లు, వానకాలంలో దారి లేకపోతే ఎవరైనా బదిలీ అడుగుతారు. ఒక్కరే అయిదు తరగతులు చెబితే అలసిపోతారు. తోడుగా ఇంకొక టీచరు ఉండాలె. ఊరివాళ్లు కూడా సారును మన మనిషిలాగా చూసుకోవాలె.

మరి మనమేం చేయాలె? ఇంటర్ పాసైతే రెండేండ్ల డీఎడ్ చదవవచ్చు. తర్వాత టెట్ పాసై, డీఎస్సీ రాస్తే చిన్న తరగతుల టీచరు కావచ్చు. గోండి వచ్చిన టీచర్లు కావాలంటే గోండి పిల్లలు ముందు ఇంటర్ దాకా చదవాలె. పదో తరగతిలో బడి మానేసి పెండ్లి చేసుకుంటే ఆ టీచరు ఎక్కడి నుండి వస్తుంది?

నేను వచ్చే రోజు తమ్మునికి "నీళ్లు" అనే మాట నేర్పించాను. ఇప్పుడు బడికి పోతున్నాడంట. కానీ ఊరిలో ఇంకా చాలామంది తమ్ముళ్లు ఉన్నారు. నేను టీచరునై వాళ్లకు యేర్ అన్నా, నీళ్లు అన్నా తెలిసే బడి చేస్తాను. మీలో ఎవరు వస్తారు నాతో?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని