భుజం బరువు తగ్గినా పని విలువ తగ్గదు

ప్రతి వృత్తికీ తనదైన బరువు ఒకటి ఉంటుంది. తాపీ పనివాడికి ఇటుకల తట్ట, దర్జీకి వంగిన మెడ, వంటవాడికి బిర్యానీ దేగ్. పెళ్లి ఫోటోలు తీసేవాడు మోసే బరువు మాత్రం చూసేవారికి బరువుగా తోచదు. మెడలో వేలాడే కెమెరా వారికి అలంకారంగానే కనిపిస్తుంది. నిఖా మొదలు రుఖ్సతీ వరకు ఏడెనిమిది గంటలు దానిని మోసిన భుజానికే అసలు సంగతి తెలుస్తుంది. పాతికేళ్ల వయసులో ఆ భుజం ఫిర్యాదు చేయదు. యాభై దాటిన తరువాత ప్రతి రాత్రీ చేస్తుంది.

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో రీలు కెమెరాల కాలంలోనే ఈ పనిలోకి దిగినవారు ఇప్పుడు ఆ వయసులో ఉన్నారు. మా మదరసాలో చదువుకున్న ఒక యువకుడు ఇటీవల తన తండ్రి విషయం మాతో ప్రస్తావించాడు. ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫోటోలే ఆయన జీవనాధారం. కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తి చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమైంది. బరువు మోయడం తగ్గించమని వైద్యుడు చెప్పాడు. పని మానేయమని కొడుకు అంటున్నాడు. మానేస్తే ఇల్లు ఎలా గడుస్తుందని తల్లి దిగులు పడుతున్నది. తండ్రి ఇద్దరి మాటా వినడం లేదు. “మీరైనా ఒకసారి చెప్పండి మౌలానా సాబ్” అని ఆ యువకుడు కోరాడు.

పెద్ద కెమెరా, పెద్ద ఇజ్జత్?

మేము వెళ్లి మాట్లాడినప్పుడు ఆయన దాపరికం లేకుండా చెప్పారు: “మౌలానా సాబ్, కెమెరా పెద్దగా ఉంటేనే జనం జరిగి దారి ఇస్తారు. చిన్నది పట్టుకుని పోతే పెళ్లికొచ్చిన బంధువనుకుంటారు. బేరం కూడా తగ్గించి అడుగుతారు.”

ఇది నవ్వి వదిలేయవలసిన మాట కాదు. కూలి నిర్ణయమయ్యే చోట పనిముట్టు కూడా మాట్లాడుతుంది. అయితే ఆయన తండ్రి సింగరేణిలో తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన కోల్‌ఫిల్లర్ అని మాకు తెలుసు. ఆ తరం కార్మికులు తట్టల లెక్కన, టబ్బుల లెక్కన భుజాలు అరగదీసుకున్నారు. తరువాత భూగర్భ గనుల్లోకి ఎస్.డి.ఎల్. యంత్రాలు వచ్చాయి. నడుముకు కట్టుకునే సీసపు బ్యాటరీ దీపం కిలోల బరువుండేది. దాని స్థానంలో టోపీకే అమరే చిన్న ఎల్.ఇ.డి. దీపం వచ్చింది. “మీ అబ్బాజాన్ తట్ట దించిన రోజున ఆయన ఇజ్జత్ తగ్గిందా?” అని అడిగాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, బ్యాగు తెచ్చి మా ముందు పెట్టారు.

దానిని పక్కనున్న కిరాణా దుకాణపు కాంటాపై పెట్టించాము. తొమ్మిది కిలోలు దాటింది.

బరువు దించుకుంటూ వచ్చిన చరిత్ర

ఫోటోగ్రఫీ చరిత్ర అంతా బరువు దించుకున్న చరిత్రే. పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలో గాజు పలకపై రసాయనం పూసి, అది తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే కడగవలసి వచ్చేది. ఊరి బయట చిత్రం తీయాలంటే చీకటి గుడారం, రసాయనాల సీసాలు, గాజు పలకల పెట్టెలు, వాటిని మోసే కూలీలు వెంట ఉండవలసిందే. ముందుగానే సిద్ధం చేసిన పొడి పలకలు వచ్చాక గుడారం అవసరం తీరింది. 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా కెమెరా 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో కోటు జేబులో ఇమిడింది. అద్దం లేని మార్చుకునే లెన్సుల డిజిటల్ కెమెరాలు 2008లో మొదలయ్యాయి. వీటినే మిర్రర్‌లెస్ అంటున్నారు. ప్రతి దశలోనూ కొత్త పనిముట్టు పాతదానికంటే చిన్నదే. ప్రతి దశలోనూ “ఇది బొమ్మలా ఉంది” అన్నవారూ లేకపోలేదు.

అమెరికా పర్వతాలను చిత్రించి ప్రపంచ ఖ్యాతి పొందిన ఆన్సెల్ ఆడమ్స్ తొలినాళ్లలో భారీ పెట్టె కెమెరాలు, గాజు పలకలు, ముక్కాలి స్టాండు మోసుకుని కొండలెక్కేవాడు. వయసు పెరిగిన కొద్దీ చేతిలో ఇమిడే హాసెల్‌బ్లాడ్ కెమెరాను ఎక్కువగా వాడసాగాడు. హాఫ్ డోమ్ శిఖరం పక్కన చంద్రుణ్ని చూపే ఆయన ప్రసిద్ధ చిత్రం 1960లో ఆ కెమెరాతో తీసినదే. అప్పటికి ఆయన వయసు 58. ఆ చిత్రం చూసేవారెవరూ కెమెరా ఎన్ని కిలోలని అడగరు.

గ్రాముల లెక్క

ఆ సోదరుని బ్యాగులోని ప్రధాన సామగ్రి ఇది. కెనాన్ 5డి మార్క్ 4 బాడీ బ్యాటరీతో కలిపి 890 గ్రాములు. 24-70 లెన్సు 805 గ్రాములు. 70-200 లెన్సు 1,490 గ్రాములు. రెండు లెన్సులూ ఎఫ్ 2.8 రకానివే. ఈ మూడింటికే 3,185 గ్రాములు. రెండవ బాడీ కలిపితే నాలుగు కిలోలు దాటుతుంది. ఫ్లాష్‌లు, సెల్లులు, ఛార్జర్లు, స్టాండు వేరు.

అదే సంస్థవారి మిర్రర్‌లెస్ ఆర్6 బాడీ బ్యాటరీతో కలిపి 680 గ్రాములు. దానికి ఎఫ్ 4 రకం 24-105 లెన్సు 700 గ్రాములు, చీకటి హాలు కోసం ఎఫ్ 1.8 రకం 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు 160 గ్రాములు. మొత్తం 1,540 గ్రాములు, అంటే సగానికంటే తక్కువ. దూరం నుండి తీయడం తప్పనిసరైన రోజున ఎఫ్ 4 రకం 70-200 లెన్సు చేర్చుకున్నా అదనంగా 695 గ్రాములే.

ఇందులో ఒక రహస్యం గమనించాలి. బరువు దిగింది బాడీలో కంటే లెన్సుల్లోనే ఎక్కువ. అద్దం తీసేసినందువల్ల మిగిలింది 210 గ్రాములు మాత్రమే. మిగిలినదంతా ఎఫ్ 2.8 వదిలి ఎఫ్ 4 కు దిగినందువల్ల, రెండు పెద్ద లెన్సుల పనిని ఒకదానికి అప్పగించినందువల్ల కలిగిన లాభం. కొత్త బాడీ కొని పాత భారీ లెన్సులే తగిలించుకునేవారికి భుజం నొప్పి అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది.

పోగొట్టుకునేది కూడా ఉంది

న్యాయంగా చెప్పాలంటే నష్టాలూ ఉన్నాయి. ఎఫ్ 2.8 తో పోలిస్తే ఎఫ్ 4 లోకి వచ్చే వెలుతురు సగమే. ఐ.ఎస్.ఓ. రెట్టింపు చేసుకోవాలి, లేదా ఫ్లాష్ వాడాలి. నేపథ్యం అంతగా కరిగిపోదు. మిర్రర్‌లెస్ కెమెరా బ్యాటరీని త్వరగా తాగేస్తుంది. తయారీదారు లెక్క ప్రకారం 5డి మార్క్ 4 ఒక ఛార్జింగుకు దాదాపు 900 చిత్రాలు తీస్తే, ఆర్6 అందులో సగం కూడా తీయదు. అయితే పాత కెమెరా బ్యాటరీలే దీనిలో పనిచేస్తాయి కనుక అవి జేబులో ఉంటే చాలు. మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు బొగ్గు ధూళి. సెన్సారు ముందు అద్దం లేనందున, ఆరుబయట లెన్సు మార్చితే నుసి నేరుగా దానిపై పడుతుంది. తక్కువసార్లు మార్చడమే మందు. ఒకే లెన్సు అలవాటు చేసుకోవడం ఇక్కడ కూడా మేలే.

వయసుకు పనికివచ్చే లాభాలు కొన్ని బరువుకు సంబంధం లేనివి. బాడీలోనే ఉండే స్థిరీకరణ ఏర్పాటు వణికే చేతికి ఆసరా అవుతుంది. మనిషి కన్నును వెతికి పట్టుకునే ఫోకస్, చత్వారం వచ్చిన ఫోటోగ్రాఫర్‌కు రెండవ కళ్లజోడు వంటిది.

జనానాలో కెమెరా

ఆ ఇంట్లో మేము ఊహించని మరొక ఫలితం కనిపించింది. డిగ్రీ చదివిన ఆయన కుమార్తెకు ఫోటోలపై ఆసక్తి ఉంది. పాత కెమెరాను ఆమె ఎక్కువసేపు ఎత్తి పట్టలేకపోయేది. తేలికైనది అద్దెకు తెచ్చిన రోజునుండి మహిళల విభాగపు పని ఆమెదైంది. పర్దా పాటించే కుటుంబాలు పురుష ఫోటోగ్రాఫర్‌ను లోపలికి పిలవలేక, వధువు చిత్రాలే లేకుండా సరిపెట్టుకునేవి. ఇప్పుడు ఆ కుటుంబాలే ముందుగా కబురు పంపుతున్నాయి.

ఇది మన నేలకు కొత్త సంగతి కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దానిని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించింది. గాజు పలకల కాలంలోనే పర్దాకు అనువైన మార్గం వెతికినప్పుడు, అరచేతిలో ఇమిడే కెమెరాల కాలంలో మన ఆడపిల్లలకు ఆ మార్గం మరింత సులువు కావాలి.

బరువు దించాలనుకునే వారికి

ముందుగా బ్యాగును కాంటాపై పెట్టండి. తరువాత, గత పది పెళ్లిళ్ల చిత్రాలను కంప్యూటర్లో తెరిచి చూడండి. ఏ లెన్సుతో ఎన్ని తీశారో ప్రతి చిత్రంలోనే నమోదై ఉంటుంది. ఆ సోదరుడు ఇలా చూసినప్పుడు, ఆల్బమ్‌లోకి వెళ్లినవాటిలో పెద్ద లెన్సు చిత్రాలు పదింట ఒకటి కూడా లేవు. ఏళ్ల తరబడి మోసిన కిలోన్నర ఆ ఒక్కదాని కోసమే.

కొనడానికి ముందు అద్దెకు తెచ్చి రెండు కార్యాలు చేసి చూడండి. పాతవి అమ్మగా వచ్చిన మొత్తంతో సరిపడేదే కొనండి. వడ్డీ అప్పుతో దించుకున్న బరువు మరో భుజానికి ఎక్కుతుంది. పాత లెన్సులు అన్నీ ఒకేసారి అమ్మనక్కరలేదు. 110 గ్రాముల అడాప్టర్‌తో అవి కొత్త బాడీకి అమరుతాయి. మెడపట్టీకి బదులు రెండు భుజాలపై బరువు పంచే పట్టీ వాడండి. ఎదురుచూసే సమయంలో కెమెరాను ఒంటికాలి స్టాండుపై నిలపండి. స్టాండు, లైటు మోసే పని సహాయకునికి అప్పగించి, అతని కూలిని బేరంలోనే కలిపి చెప్పండి.

పెళ్లి జరిపించే కుటుంబాలకు కూడా ఒక మాట. కెమెరా పరిమాణం చూసి మనిషికి వెల కట్టకండి. ఆయన ఇంతకు ముందు చేసిన ఆల్బమ్ అడిగి చూడండి. భోజనాల వేళ ఆయనకూ కూర్చునే చోటు చూపండి.

ఆ సోదరుడు పూర్తిగా కోలుకోలేదు. గోదావరి ఒడ్డున ఎండలో తీసే పనులు ఒప్పుకోవడం మానేశారు. ముప్పై ఏళ్ల సంపాదనలో అన్నిటికంటే ఇష్టంగా కొనుక్కున్న పెద్ద లెన్సును అమ్మిన రోజున ఆయన అన్నం సరిగా తినలేదని కొడుకు చెప్పాడు. ఆ బాధ సహజమే. అయినా పెళ్లిళ్ల సీజనులో నెలకు నాలుగైదు కార్యాలు చేస్తున్నారు, చొక్కా తానే తొడుక్కుంటున్నారు. శరీరం మన సొంత ఆస్తి కాదు, అమానత్. ఇన్షా అల్లాహ్, దానిని కాపాడుకుంటూ చేసిన పనే ఎక్కువ కాలం ఇంటిని నిలబెడుతుంది.