పైకి కనిపించని జబ్బు, పదిమందికీ తెలిసే మాట

దీర్ఘకాలిక వ్యాధుల్లో చాలావాటికి పైకి కనిపించే గుర్తులు ఉండవు. అందువల్ల రోగి జబ్బుతో పాటు, ఆ జబ్బు నిజమేనని ఇంటివారిని, తోటి ఉద్యోగులను నమ్మించవలసిన భారాన్ని కూడా మోయవలసి వస్తుంది. సామాజిక మాధ్యమాలు రోగులకు ప్రధానంగా తోడ్పడుతున్నది ఇక్కడే.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ నటి సమంతది. 2022 అక్టోబరు చివర్లో, తన సినిమా ‘యశోద’ విడుదలకు కొద్దిరోజుల ముందు, తనకు మయోసైటిస్ ఉన్నట్టు తేలిందని ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో వెల్లడించారు. దానితో పెట్టిన ఫొటోలో ఆమె చేతికి సెలైన్ ఎక్కుతూ ఉంటుంది, ఎదురుగా డబ్బింగ్ మైకు ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కండరాల మీదే దాడిచేయడం వల్ల వచ్చే ఈ వాపు వ్యాధిలో మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం కూడా కష్టమవుతాయి. అంతవరకు ఆ వ్యాధి పేరైనా వినని వారికి చికిత్స, ఉద్యోగం పక్కపక్కనే సాగే రోగి జీవితాన్ని ఆ ఒక్క ఫొటో చూపించింది.

అయితే 2024 జులైలో వైరల్ జబ్బులకు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నెబ్యులైజర్ ద్వారా పీల్చే పద్ధతిని ఆమె సూచించినప్పుడు, అది ప్రమాదకరమని వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. జబ్బుతో బతకడం ఎలా ఉంటుందో రోగి చెప్పినంత బాగా మరొకరు చెప్పలేరు గాని, ఒకరి అనుభవం మరొకరికి మందుచీటీ కాజాలదని ఈ వివాదం తేల్చింది.

మహారాష్ట్రలోని చంద్రపూర్ వంటి జిల్లాలున్న విదర్భలో ఈ విచక్షణ సికిల్ సెల్ వ్యాధి విషయంలో మరీ అవసరం. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడటంతో ఒళ్లంతా తీవ్రమైన నొప్పులు పుట్టే ఈ వంశపారంపర్య వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఒంట్లో నీరు తగ్గితే నొప్పి రేగుతుంది కాబట్టి, ఎండలు మండే చంద్రపూర్‌లో వేసవిని ఎలా నెట్టుకొస్తున్నారో ఒక రోగి తన భాషలో వీడియో చేసి పెడితే, నొప్పిని బద్ధకంగా భావించే చుట్టుపక్కలవారి అభిప్రాయం కూడా మారవచ్చు. తల్లిదండ్రులిద్దరూ వ్యాధి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందన్న విషయం పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవడానికి ప్రేరణ కాగలదు.

కానీ ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కనుక ఒకరు పేరుతో, ఫొటోతో బయటపడితే తోబుట్టువుల సంగతి కూడా బయటపడినట్టే అవుతుంది, పెళ్లి సంబంధాలు తప్పిపోవచ్చు. అందుచేత అనుభవాన్ని రోగి చెప్పడం, మందుల సంగతి వైద్యులకు వదలడం, కుటుంబ వివరాలను కుటుంబం ఒప్పుకున్నాకే పంచుకోవడం మేలు.