అనాప్లాస్మా ఫాగోసైటోఫిలమ్

అనాప్లాస్మా ఫాగోసైటోఫిలమ్ పిడుదుల (గోమారుల) కాటు ద్వారా మనుషులకు, పశువులకు సంక్రమించే ఒక బాక్టీరియా. ఇది రికెట్సియేలిస్ క్రమానికి చెందినది. మనుషులలో ఇది కలిగించే జ్వరాన్ని అనాప్లాస్మోసిస్ అంటారు. క్రిములను మింగి చంపవలసిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలలోనే ఇది నివసించి వృద్ధి చెందుతుంది. గ్రీకు మూలాల నుండి వచ్చిన 'ఫాగోసైటోఫిలమ్' అనే మాటకు 'భక్షక కణాలను ప్రేమించేది' అని అర్థం. పేరు తగినట్లే ఉంది.

చరిత్ర

గొర్రెలలో ఈ వ్యాధిని స్కాట్లండులో 1932లోనే వర్ణించారు. మనుషులకు కూడా సోకుతుందని అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల రోగుల వలన 1994లో వెల్లడైంది. అంతవరకు వేర్వేరు పేర్లతో పిలిచిన మూడు క్రిములు ఒకే జాతి అని నిర్ధారించి 2001లో ప్రస్తుత నామం ఇచ్చారు. అమెరికా తూర్పు భాగంలో ఐక్సోడిస్ స్కాపులారిస్, ఐరోపాలో ఐక్సోడిస్ రిసినస్ అనే పిడుదులు దీని ముఖ్య వాహకాలు.

న్యూట్రోఫిల్‌లో జీవనం

న్యూట్రోఫిల్ తాను మింగిన క్రిమిని రెండు విధాలుగా చంపుతుంది. మొదటిది, ఆక్సిడేజ్ అనే ఎంజైము సాయంతో విషతుల్యమైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేయడం. రెండవది, లైసోసోముల జీర్ణరసాలను క్రిమి మీదికి వదలడం. అనాప్లాస్మా ఈ రెండింటినీ తప్పించుకుంటుంది. కణం ఉపరితలం మీది ఒక ప్రోటీనును పట్టుకొని లోపలికి ప్రవేశించి, పొరతో కప్పబడిన ఒక రిక్తికలో స్థిరపడుతుంది. లైసోసోములు ఆ రిక్తికతో కలవవు. పైగా 'ఆంక్‌ఎ' అనే తన ప్రోటీనును కణంలోకి పంపుతుంది. అది ఏకంగా కేంద్రకంలోకి చేరి, ఆక్సిడేజ్‌లోని ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు పనిని అణచివేస్తుంది. అంటే ఆయుధాన్ని లాక్కోవడం కాదు, ఆయుధశాలనే మూయించడం.

మరొక చిక్కు ఉంది. న్యూట్రోఫిల్ అల్పాయుష్షు గల కణం; మూలుగ నుండి రక్తంలోకి వచ్చిన కొద్దికాలానికే తనంత తానుగా చనిపోతుంది. ఇల్లు కూలితే లోపలివారికీ నీడ ఉండదు కనుక ఈ బాక్టీరియా ఆ మరణాన్ని వాయిదా వేయిస్తుంది. ఆ వ్యవధిలో విభజన చెంది, మల్బరీ పండును పోలిన గుంపులుగా ఏర్పడుతుంది. వీటిని మోరులాలు అంటారు. రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూసినపుడు ఇవి కనిపిస్తే వ్యాధిని గుర్తించవచ్చు, కాని అందరిలోనూ కనిపించవు.

లక్షణాలు, చికిత్స

జ్వరం, చలి, తీవ్రమైన తలనొప్పి, కండరాల నొప్పులు ముఖ్య లక్షణాలు. తెల్ల రక్తకణాలు, రక్తఫలకికలు తగ్గుతాయి. పెనిసిలిన్ వంటి మందులు దీనిపై పనిచేయవు. డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. ప్రతిదేహాల పరీక్ష మొదటి వారంలో తరచుగా వ్యాధి లేదనే చూపుతుంది. అందువలన అనుమానం కలిగిన వెంటనే, ఫలితం కోసం ఆగకుండా వైద్యులు మందు మొదలుపెడతారు. చాలామంది కోలుకుంటారు. వృద్ధులలోను, వ్యాధినిరోధక శక్తి తగ్గినవారిలోను చికిత్స ఆలస్యమైతే ప్రాణాపాయం కలగవచ్చు.