ముక్కాలిచేప

మునేటి వరదలు మా విద్యార్థులకు క్రొత్తవి కావు. వానకాలమున ఏరు బురదనీటితో పాఱుచుండగా ఆ నీటిలో జానెడు దూరమైనను కానరాదు. అట్టి నీటిలో జెల్లచేప తన మీసములతో అడుగును తడవుచు ఆహారమును వెదకికొనును. కన్నులు పనికిరానిచోట స్పర్శయే దానికి దీపము. ఈ సంగతిని తరగతిలో చెప్పినప్పుడు ఒక బాలుడు, "అయ్యా, నీరు ఎల్లప్పుడును చీకటియై యుండుచోట చేపలెట్లు బ్రదుకును?" అని యడిగెను. మంచి ప్రశ్న. దానికి సమాధానముగనే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మునేరు కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవికడ బంగాళాఖాతమును చేరును. తీరము విడిచి పోనుపోను సముద్రపుటడుగు పల్లమై వేలకొలది మీటర్ల లోతునకు దిగును. 200 మీటర్లు దాటిన పిదప వెలుతురు మిక్కిలి సన్నగిల్లును. 1,000 మీటర్లకు దిగువ సూర్యకిరణము చొరనేరదు. ఆ లోతున చదరపు సెంటిమీటరు ఒక్కింటిపై సుమారు 100 కిలోగ్రాముల బరువు పడును. పచ్చని మొక్క ఒక్కటియు మొలవదు. పైనీటినుండి రాలు మృతజీవుల తునకలే అచ్చటి ప్రాణులకు ముఖ్యాధారము.

ఇట్టి తావున ప్రాణి యుండనేరదని పూర్వము పండితులు సైతము తలచిరి. 300 బారల లోతునకు దిగువ జీవము లేదని 1843లో ఎడ్వర్డు ఫోర్బ్సు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఊహించెను. 1872 మొదలు 1876 వఱకు లోకమును చుట్టివచ్చిన చాలెంజరు ఓడవారు అంతకంటె ఎంతో లోతునుండి జీవులను పైకిదీసి, ఆ యూహ తప్పని నిరూపించిరి. ఆ ఓడ తెచ్చిన చేపలను పరిశీలించి, 1878లో గుంథరు పండితుడు ఒక జాతికి బాతిప్టెరాయిస్ అని పేరుపెట్టెను. మన సముద్రములలో ఇన్వెస్టిగేటరు అను సర్వే ఓడపై వైద్యుడుగాను ప్రకృతిశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన ఆల్కాకు దొర, బంగాళాఖాతమునకు తూర్పుననున్న అండమాను సముద్రమున ఆ జాతిచేపనే కనుగొని, 1889లో దానికి గుంథరు పేరే యుంచెను.

ఈ జాతిలో మిక్కిలి వింతయైనది ముక్కాలిచేప. దీని శాస్త్రనామమునకు కఱ్ఱకాళ్లపై నడచువాడని యర్థము. శరీరము అడుగుకంటె కొంచెమే పొడవు. కాని పొట్టక్రింది రెక్కలు రెంటినుండియు, తోకరెక్క క్రిందికొసనుండియు ఒక్కొక్క పుల్ల దాదాపు మీటరు పొడవునకు సాగి యుండును. ఈ మూడింటిని అడుగుబురదలో ఆనించి, ముక్కాలిపీటవలె చేప నిశ్చలముగ నిలుచును. దాని మొగము ప్రవాహమునకు ఎదురుగ నుండును. కన్నులు మిక్కిలి చిన్నవి. ఱొమ్మురెక్కల సన్నని పుల్లలను తలకు ముందు చేతులవలె చాచి, నీటితో కొట్టుకొనివచ్చు చిన్న రొయ్యజాతి పురుగుల తాకిడిని గ్రహించి, వానిని నోటబట్టును. మన జెల్లకు మీసములు చేయు పనిని దీనికి రెక్కలే చేయుచున్నవి. అడుగుననే నీరు నెమ్మదిగ కదలును గనుక, కొంచె మెత్తుననుండుట వేటకు మేలు.

మఱి అంత యొత్తిడికి చేప ఏల నలిగిపోదు? నలుగునది గాలి. ఎదిగిన యీ చేపకు గాలితిత్తి లేదు. దేహమంతయు నీటితో నిండియున్నందున లోపలి యొత్తిడియు వెలుపలి యొత్తిడియు సమానమై యుండును. ఆ చీకటిలో జతగాడు దొరకుట యరుదు. కావున ఒక్క చేపయందే స్త్రీపురుష బీజము లుభయములును కలవు.

వలలో పైకి వచ్చినది చచ్చిన చేప మాత్రమే. ఆ పొడవైన పుల్లల యుపయోగ మేమో పండితులు చాలకాలము ఊహింపవలసి వచ్చెను. 1950 తరువాతి దశాబ్దమున ఫ్రెంచివారి బాతిస్కేఫు అను లోతుదిగు నౌకనుండి, చేప తన కాళ్లపై నిలిచియుండుటను మనుష్యులు కన్నులార చూచిరి. బాలురారా, ఊహ యొకటి, చూచుట యొకటి!

ఇది వింతకథగా విని మఱచునది కాదు. 2002లో మన దేశము మధ్యహిందూమహాసముద్రపు టడుగున లోహపుముద్దల అన్వేషణకై అంతర్జాతీయ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. అందుకు కేటాయించిన భాగము 75,000 చదరపు కిలోమీటర్లు. ఆ ముద్దలయందు మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు కలవు. అవి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుటకు పదిలక్షల యేండ్లు పట్టును. లోహములు మనకు కావలసినవే. కాని అడుగును త్రవ్విన రేగు బురద నీటిలో చాలదూరము పోవును. నీటి కదలికను స్పర్శచే చదువుకొని బ్రదుకు ప్రాణులకు అది ఎట్టి యాపదయో యోచింపుడు. చెన్నపట్టణములోని సముద్ర సాంకేతిక సంస్థవారు ముగ్గురిని 6,000 మీటర్లకు దింపు మత్స్య అను నౌకను సిద్ధము చేయుచున్నారు.

అందు దిగువారిలో మన పాఠశాలలో చదివినవారుండిన మాకంతకంటె సంతోషము లేదు. అట్లు దిగినవారు లోహములను లెక్కించుటకు ముందు, దేవుడు చీకటిలో ఏ కాళ్లపై నెవరిని నిలిపెనో చూచి రావలయునని మా కోరిక.