వార్తల్లో పదం: పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ)

మలేషియాలో క్లాంగ్ నది సముద్రంలో కలిసేచోట పెద్ద ఓడరేవు, చుట్టూ మడ అడవులు. ఎదురుగా పులావ్ కేతమ్ దీవిలో బురదనేల మీద గుంజలు పాతి కట్టుకున్న జాలరుల ఇళ్లు. ఇలాంటి చోట రేవు విస్తరించాలన్నా, భారీ ఫ్యాక్టరీ పెట్టాలన్నా ముందు లెక్క తేల్చాలి. తవ్విన బురద ఎటు కొట్టుకుపోతుంది? చేపల గతేమిటి? పొగ ఎవరి ఇళ్ల మీదికి? అదే ఈఐఏ. అక్కడి 1974 పర్యావరణ చట్టంలో 34ఏ సెక్షన్ దీనికి ఆధారం. 2015 ఉత్తర్వు ప్రాజెక్టులను రెండు జాబితాలుగా విడదీసింది. రెండోదాంట్లో ఉంటే నివేదికను జనం ముందు పెట్టాల్సిందే. మన దేశపు 2006 ఈఐఏ నోటిఫికేషన్‌లోనైతే కలెక్టరో, ఆయన ప్రతినిధో కూర్చుని ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అసలు మెలిక వేరే ఉంది: రెండుచోట్లా నివేదిక రాసే కన్సల్టెంటుకు ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు పెట్టేవారే.