ఆడి చూశాకే కొనాలా?

చీర కొనేటప్పుడు భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటాం. చెప్పులు కొంటే తొడుక్కుని నాలుగడుగులు వేస్తాం. పాలక్కోడు మార్కెట్లో టమాటా కొనేవాళ్ళు పైవరుస పక్కకు తీసి అడుగున ఎలా ఉన్నాయో చూడకుండా ధర చెప్పరు. మామిడిపళ్ళ కాలంలో మన ధర్మపురిలో ముక్క కోసి నోట్లో పెడితేగానీ బేరం మొదలు కాదు. అలాంటి మనం యాభై వేల రూపాయల గేమ్ కన్సోల్‌ను మాత్రం పెట్టె మీద బొమ్మ చూసి కొనేస్తున్నాం.

పరీక్షల కాలం దగ్గరపడితే చాలా ఇళ్ళలో వినిపించే మాట ఒకటుంది. "పదిలో నాలుగు వందల యాభై దాటితే నువ్వు అడిగింది కొనిస్తాను." ఒకప్పుడు ఆ అడిగింది సైకిల్. తర్వాత సెల్‌ఫోన్. ఇప్పుడు కొందరు పిల్లలు ప్లేస్టేషన్ అంటున్నారు, ఇంకొందరు ఎక్స్‌బాక్స్ అంటున్నారు. మాట ఇచ్చిన తండ్రికి అదేమిటో, ఎంతవుతుందో తెలియదు. అడిగిన పిల్లవాడు కూడా చాలాసార్లు దాన్ని యూట్యూబ్‌లో తప్ప ఎక్కడా చూసి ఉండడు. పిల్లలకు ఇది కొనవచ్చా, కూడదా అన్నది వేరే చర్చ. కొనాలని ఇంట్లో నిర్ణయమైపోయాక ముందుగా ఆడి చూడాలా వద్దా అన్నదే ఇక్కడ మా ప్రశ్న.

డబ్బు సంగతి ముందు చెప్పుకుందాం. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. అప్పుడు డిస్క్ పెట్టే రకం 49,990 రూపాయలు, డిస్క్ లేని రకం 39,990. 2022 నవంబరులో ఒక్కోదాని మీద ఐదు వేలు పెరిగింది. ఎక్స్‌బాక్స్‌లో చిన్నదైన సిరీస్ ఎస్ 2020 నవంబరు 10న 34,990 రూపాయలకు వచ్చింది. నెలకు ఇరవై వేలు తెచ్చే ఇంట్లో ఇది సుమారు రెండు మూడు నెలల సంపాదన. ఇందులో ఒక్క ఆట ధర కూడా కలపలేదు. ప్లేస్టేషన్ 5తోపాటు వచ్చిన కొత్త ఆటలు కొన్ని ఒక్కొక్కటి 4,999 రూపాయలు.

ఆడి చూసి కొనడం ఎంత మేలు చేస్తుందో చెప్పే పాత కథ ఒకటుంది. 1995లో జపాన్ కంపెనీ నింటెండో 'వర్చువల్ బాయ్' అనే యంత్రాన్ని విడుదల చేసింది. బల్ల మీద పెట్టి, కళ్ళు లోపలికి ఆనించి చూడాలి. నల్లని తెర మీద ఎర్రని బొమ్మలు లోతుగా కనిపిస్తాయి. ప్రకటనలు బ్రహ్మాండంగా ఉన్నాయి. అమెరికాలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ దుకాణాల్లో దీన్ని కూడా అద్దెకు ఇచ్చారు. తీసుకెళ్ళిన వాళ్ళలో చాలామందికి మెడ నొప్పి, తలనొప్పి, కళ్ళ మంట. అద్దె పోతే పోయిందనుకుని వెనక్కి ఇచ్చేసి ఊరుకున్నారు. ఏడాది తిరక్కుండానే దాని అమ్మకం ఆగిపోయింది. కంపెనీకి నష్టమే. కొద్దిపాటి అద్దెతో బయటపడ్డ ఇళ్ళకు మాత్రం అది లాభమే.

అదే కంపెనీ 2025 జూన్ 5న 'స్విచ్ 2' విడుదల చేసే ముందు న్యూయార్క్, ప్యారిస్, లండన్, సియోల్ వంటి నగరాల్లో జనాన్ని పిలిచి చేతికిచ్చి ఆడించింది. ఆ జాబితాలో మన దేశంలోని ఊరు ఒక్కటి కూడా లేదు. ధర్మపురి మాట చెప్పనక్కర్లేదు. కొత్త యంత్రం చేతికి తీసుకుని చూడాలంటే మనం సేలమో, హోసూరో, బెంగళూరో పోవాలి. బెంగళూరు సుమారు 130 కిలోమీటర్లు. ఒక రోజు పని పోతుంది, బస్సు ఖర్చు ఉంటుంది. పోవడం దండగ కాదనే మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

దుకాణంలో పది నిమిషాలు

మొన్న సెలవుల్లో మాకు తెలిసిన ఒక కుటుంబంతో మేమూ బెంగళూరు వెళ్ళాం. తండ్రిది మామిడి మండీలో లెక్కలు రాసే పని. కొడుకు ఎనిమిదో తరగతి, కూతురు నాలుగు. దుకాణంలో పెద్ద టీవీకి కన్సోల్ కలిపి పెట్టి ఉంది. పిల్లవాడు కంట్రోలర్ పట్టుకున్న నిమిషానికే, "నాయనా, ఇదే కావాలి" అన్నాడు. వాడి వరకు పరీక్ష అయిపోయింది.

చిన్నదాని చేతికి ఇచ్చాక అసలు విషయాలు బయటపడ్డాయి. కంట్రోలర్ పైఅంచున ఉండే మీటలకు దాని వేళ్ళు అందలేదు. రెండు చేతులా పట్టుకుంటే నొక్కడానికి వేళ్ళు లేవు, నొక్కబోతే కంట్రోలర్ జారిపోతోంది. దుకాణం కుర్రాడు ఆట మార్చి, ఆడేవాళ్ళ కళ్ళతోనే లోకం కనిపించే తుపాకీ ఆట పెట్టాడు. నాలుగు నిమిషాలకే అది వాళ్ళ అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "అమ్మా, తల తిరుగుతోంది" అంది. బస్సులో వాంతి చేసుకునే పిల్లల్లో కొందరికి ఇలాంటి ఆటలు పడవు. కన్ను కదులుతున్నామని చెబుతుంది, ఒళ్ళు కూర్చునే ఉన్నామని చెబుతుంది. ఆ తేడాకే తల తిరుగుతుంది. ఏ ప్రకటనా, ఏ వీడియోనా మీ పిల్లకు తల తిరుగుతుందో లేదో చెప్పలేదు. మూర్ఛ ఉన్న పిల్లలైతే మెరుపులు మెరిసే బొమ్మల విషయంలో డాక్టరును అడిగాకే దుకాణం మెట్లెక్కాలి. తలకు తగిలించుకునే కళ్ళజోడు రకం ప్లేస్టేషన్ వీఆర్2ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని కంపెనీయే చెబుతోంది.

తర్వాత ప్లేస్టేషన్ 5తో ఉచితంగా వచ్చే చిన్న రోబో ఆట, 'ఆస్ట్రోస్ ప్లేరూమ్' పెట్టించాం. అందులో అమ్మాయి హాయిగా గెంతింది. తల తిరగలేదు. అంటే తిప్పలు యంత్రంతో కాదు, ఆటతో. ఈ సంగతి తెలుసుకోవడానికే బస్సు టికెట్టు సరిపోయిందని తండ్రి అన్నాడు.

తల్లి ఇంకో ప్రశ్న అడిగింది. "ఇందులో తెలుగు ఉందా?" లేదు. తమిళమూ లేదు. సెట్టింగులు, హెచ్చరికలు, "కొనాలా" అని అడిగే తెరలు, అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు బడిలో నాలుగో తరగతి చదివే పిల్ల ఆ తెర మీద దేనికి సరే అని నొక్కుతోందో దానికే తెలియదు. దుకాణంలో పిల్లల పక్కన నిలబడి వాళ్ళు ఏది చదవగలుగుతున్నారో, ఏది చదవకుండానే నొక్కేస్తున్నారో గమనించమని మా సలహా. ఆట పెట్టె మీద 3, 7, 12, 16, 18 అనే అంకెలుంటాయి. అవి ఆట ఎంత కష్టమో చెప్పేవి కావు. ఏ వయసు దాటినవాళ్ళకు ఆ ఆట తగునో చెప్పే ఐరోపా గుర్తులు. చాలామంది తండ్రులు 18 అంటే పద్దెనిమిది ఆటలున్నాయనుకుంటున్నారు. నవ్వులాటకు చెప్పడం లేదు, మాతోనే ఒకరు అన్నారు.

ఇంట్లో రెండు రోజులు

దుకాణంలో చూపించేది దుకాణం వాళ్ళకు అనుకూలమైన చూపు. వాళ్ళ టీవీ పెద్దది, వాళ్ళ ఇంటర్నెట్టు వేగం, ఆట ముందే ఎక్కించి ఉంటుంది. మన ఇంట్లో ఎలా ఉంటుందో అక్కడ తెలియదు. అందుకని రెండో పరీక్ష ఇంట్లో పెట్టాలి. అద్దెకు దొరికితే అద్దెకు, లేదంటే చుట్టాల దగ్గర అడిగి తెచ్చుకుని, శని ఆదివారాలు పెట్టుకుని చూడటం మంచిది. ఈ కుటుంబానికి హోసూరులో మేనమామ ఉన్నాడు. ఆయన దగ్గర డిస్క్ లేని ప్లేస్టేషన్ 5 ఉంది. రెండు రోజులకు ఇచ్చాడు.

శనివారం పొద్దున మొదటి చిక్కు టీవీతో వచ్చింది. ముందు గదిలో ఉన్నది 2006 తర్వాత ప్రభుత్వం ఉచితంగా పంచిన డబ్బా టీవీ. చెడిపోకుండా ఇన్నేళ్ళు నడిచింది, అది వేరే మాట. ఇప్పటి కన్సోళ్ళకు హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే దారి, ఆ టీవీకి ఆ రంధ్రమే లేదు. లోపలి గదిలోని కొత్త టీవీకి కలిపారు. ఆ గది అవ్వది. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆమె సీరియళ్ళు. పిల్లవాడికి ట్యూషన్ అయ్యి ఖాళీ దొరికేది కూడా అప్పుడే. ఈ లెక్క బెంగళూరులో ఎవరికీ తట్టలేదు.

తర్వాత కొత్త ఆట ఒకటి దించుకోబోతే దాని పరిమాణం యాభై జీబీ పైమాట. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ రోజుకిచ్చే డేటా తింటి మీద తింటి అయిపోయి నిలిచిపోయింది. సాయంత్రం కరెంటు పోయింది. ఆట మధ్యలో దాచుకోనిదంతా పోయి పిల్లవాడు మొదటికి వచ్చాడు. ఆదివారం వాడి స్నేహితుడు ఫుట్‌బాల్ ఆట డిస్క్ తెచ్చాడు. పెట్టడానికి చీలిక ఎక్కడుందని యంత్రం చుట్టూ వెతికారు. అది డిస్క్ లేని రకం గదా!

ఆ డిస్క్ దగ్గరే ఆ ఇంటి నిర్ణయం మారింది. డిస్క్ ఉన్న రకానికి ధర ఎక్కువ. కానీ డిస్క్‌ను స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు, పాతది తక్కువకు కొనవచ్చు, ఆడటం అయ్యాక అమ్మేయవచ్చు. దించుకున్న ఆటకు ఆ దారి లేదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న ఆటను పద్నాలుగు రోజుల్లోపు వద్దనవచ్చు గానీ, ఒకసారి దించుకోవడం మొదలుపెడితే సాధారణంగా డబ్బు తిరిగి రాదు. కొందరు మూడు నాలుగు ఆటల తర్వాత, తక్కువ ధర యంత్రమే ఎక్కువ ఖర్చు చేయించిందని తెలుసుకుంటారు.

ఇంకోటి కూడా ఆ రెండు రోజుల్లో చూసుకోవాలి. ఆపమన్నప్పుడు పిల్లవాడు ఆపుతున్నాడా? ప్లేస్టేషన్ 5లో పిల్లల ఖాతాకు రోజుకు ఇన్ని గంటలని, నెలకు ఇంత ఖర్చని తల్లిదండ్రులు హద్దు పెట్టవచ్చు. ఆ హద్దు మొదటి రోజే పెట్టి చూడండి. అలవాటయ్యాక పెడితే గొడవ, ముందే పెడితే అది యంత్రం పద్ధతి అనుకుంటారు.

ఆడి చూసినా తెలియనివి

రెండు రోజులు ఆడినా బయటపడనివి కొన్ని ఉంటాయి. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 దుకాణాల్లో చక్కగానే ఆడింది. నెలలు గడిచాక ఇళ్ళలో ఒక్కొక్కటే ఎర్ర దీపాలు వెలిగి చచ్చిపోవడం మొదలైంది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచింది. దానికి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్కగట్టింది. అలాంటి జబ్బును పది నిమిషాల ఆటలో ఎవరూ పట్టలేరు. కొత్త యంత్రం వచ్చిన మొదటి నెలల్లో ఎగబడకుండా కొంచెం ఆగడమే దానికి మందు.

పాత ఆటలు ఉన్నవాళ్ళు ఒకటి అడగాలి. 2009లో మన హైదరాబాద్ సంస్థలు ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్', 'దేశీ అడ్డా' అనే ఆటలు తయారు చేశాయి. రెండో దానిలో గాలిపటాలు, కబడ్డీ కూడా ఉన్నాయి. ఆ డిస్కులు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ప్లేస్టేషన్ 5లో ఆడవు. ప్లేస్టేషన్ 4 ఆటలు మాత్రం దాదాపు అన్నీ ఆడతాయి.

ఇక బిల్లు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. 2020 జులై నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అన్యాయ వ్యాపారం కిందికి వస్తుంది. 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదును మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు రుసుము కూడా లేదు. కానీ ఇదంతా లోపమున్న సరుకుకే. "మా పాపకు తల తిరుగుతోంది", "మా టీవీకి కలవడం లేదు" అంటే చట్టం కూడా మనవైపు నిలబడదు. ఆడి చూడమని మేము ఇంతగా చెప్పడం అందుకే.

విదేశం నుంచి తెప్పించి తక్కువకు అమ్మే యంత్రాల విషయంలో మన దేశంలో వారంటీ ఉందా లేదా అన్నది మాటతో కాదు, కాగితం మీద రాయించుకోండి.

ఆ కుటుంబం ఇంకా కొనలేదు. మేనమామ యంత్రం ఆదివారం రాత్రి హోసూరు బస్సెక్కింది. అవ్వ తన టీవీ తనకు దక్కిందని నిమ్మళించింది. మరుసటి వారం తండ్రి బెంగళూరు దుకాణానికి ఫోన్ చేశాడు. మూడే ప్రశ్నలు అడిగాడు. డిస్క్ పెట్టే రకం ఉందా, బిల్లులో సీరియల్ నంబరు రాస్తారా, దీపావళికి ధర ఏమైనా తగ్గుతుందా. మొదటి రెండింటికి అవును సార్ అన్నాడట కుర్రాడు. మూడో దానికి, "అప్పుడు ఒకసారి ఫోన్ చేయండి సార్" అన్నాడట.